మన్ననూరు అవ్వ: ఆమె విశ్వాసము, ఆమె కష్టము
(శతవార్షికోత్సవ కూడికలో చేసిన ప్రసంగము)



మమ్మును పిలిచి, మా అవ్వను గూర్చి నాలుగు మాటలు చెప్పమని అడిగినందుకు పెద్దలకు కృతజ్ఞులము. మేము ఆమె మనుమలము, మనుమరాండ్రము. మొత్తము పదకొండు మందిమి. మాలో ఒకరము నిలువబడి చదువుచున్నా, ఈ మాటలు అందరము కూర్చుండి కూర్చుకున్నవి. ఒక విషయములో మాలో మాకు ఏకాభిప్రాయము లేదు. అదియు దాచకుండా చెప్పెదము.

శతవార్షికోత్సవము అనగానే మనకు కొన్ని పేర్లు జ్ఞాపకము వచ్చును. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొంది దోర్నకలులో పరిచర్య చేసిన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారి పేరు చెప్పుకొందుము. మెదకు గుడి కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి పేరు చెప్పుకొందుము. ఆ గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 2024 నాటికి నూరేండ్లు నిండినవి. ఆ గుడి పని కరువు కాలములో పేదలకు కూడు పెట్టిన పని అని మనకందరికి తెలుసు. అక్కడ రాయి మోసిన వారిలో, సున్నము కలిపిన వారిలో స్త్రీలు ఎంతమందో! వారి పేర్లు ఏ పలక మీద ఉన్నవి? పెద్దల పేర్లు చెప్పుకొనుట మంచిదే. అయితే తట్ట మోసినవారి సంగతి కూడ ఒకరు చెప్పవలెను గదా.

పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయములో ఒక ముసలామె పేరు ఉన్నది. ఆమె లోయి. తిమోతి తల్లి యునీకేకు ముందు ఆ ముసలామె పేరునే అపొస్తలుడు తలచుకొన్నాడు. మన తెలుగు బైబిలులో ఆమెను 'అవ్వ' అనియే వ్రాసినారు. మా పాలమూరు ఇండ్లలో పిలిచే పిలుపే అది. గ్రీకు భాషలోని క్రొత్త నిబంధన అంతటిలో ఆ వరుస మాట వచ్చేది ఆ ఒక్క చోటనే. ఒక్కసారే వచ్చినా చాలును. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములలో చదువుదుము. ఇంటి యజమాని నుండి రాని విశ్వాసము ఆ ఇంట అవ్వ ద్వారా వచ్చినది. ఈ సంగతి మా కొండమీది ఊరివారికి వేరే వివరించనక్కరలేదు.

మన్ననూరు మీలో చాలామందికి బస్సు కిటికీలోనుండి తెలిసిన ఊరు. హైదరాబాదు నుండి శ్రీశైలము పోయే దారిలో డిండి దాటి, హాజీపూరు దాటి, ఘాటు ఎక్కగానే వచ్చును. అక్కడ అటవీశాఖ వారి గేటు ఉన్నది. అక్కడనుండి నల్లమల. ఒక ప్రక్క అమ్రాబాదు, ముందుకు పోతే ఫరహాబాదు, వట్వర్లపల్లి, దోమలపెంట, ఆ తరువాత కృష్ణ లోయ. నిజాము కాలములో ఫరహాబాదు దొరల వేటకు పేరుపొందిన చోటు. మాకు మాత్రము అది చెంచుల పెంటలున్న అడవి. 1940 ప్రాంతములో హైమండార్ఫ్ అను పండితుడు ఆ చెంచుల మధ్య ఉండి, వారిని గూర్చి 1943లో పుస్తకము అచ్చువేసినాడు. మా అవ్వ ఆ పుస్తకమును చూడలేదు. అందులోని మనుష్యుల బిడ్డలకు మాత్రము బొడ్డు కోసింది.

అవ్వ పుట్టిన సంవత్సరము ఎవరూ వ్రాసిపెట్టలేదు. 1940ల మొదట్లో డిండి చెరువు కట్ట పని జరుగుచున్నప్పుడు తాను తల్లి వెంట పోయి చిన్న తట్ట మోసితినని చెప్పేది. అంతే మాకు లెక్క. రజాకార్ల గడబిడ కాలములో పెండ్లయి మన్ననూరుకు వచ్చింది. 1948లో పోలీసు చర్య జరిగేనాటికి ఇంకా చిన్నదే. నలుగురు బిడ్డలు పుట్టిన తరువాత తాత అడవి జ్వరముతో చనిపోయినాడు. కడగొట్టు బిడ్డ అప్పటికి చంకన ఉన్నది. "ఏడ్వనీకి తీరలె బిడ్డా. తెల్లారితె కూలికి పిలుపొచ్చె" అనేది. ఆ రోజులను గూర్చి ఆమె నోట మేము విన్నది ఈ ఒక్క మాటే.

ఆమె ఏడాది ఎట్లు గడిచేదో చెప్పవలెను. చలికాలము పోగానే చింతపండు కొట్టుడు. మాఘము వెళ్లి ఎండ ముదిరితే ఇప్పపువ్వు ఏరుడు. ఏప్రిలు, మే నెలలలో తునికాకు. కోడి కూయకముందే అడవికి పోయి ఆకు తెంచి, ఎండెక్కక ముందే ఇంటికి వచ్చి, యాబై ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రము కల్లములో అప్పగించవలెను. వేళ్లు నల్లబడి పగిలేవి. వానలు పడితే జొన్న చేలలో కలుపు. తరువాత పల్లికాయ పీకుడు, ఆముదాలు కొట్టుడు. పని లేని దినమున మోదుగాకు తెచ్చి విస్తర్లు కుట్టేది. రోడ్డు పని పడితే కంకర కొట్టేది. మనమిప్పుడు కారులో ఒరుగకుండా శ్రీశైలము పోయే ఆ బాట క్రింద ఆమె కొట్టిన రాయి కూడ ఉన్నది.

ఇంత పని ఒక్కతే ఎందుకు చేసింది అంటే, మా తండ్రులు ఊరిలో లేరు. పాలమూరు కూలి అంటే దేశమంతట తెలుసు. 1955లో నాగార్జునసాగరుకు పునాది పడినది. 1963లో శ్రీశైలమునకు పడినది. ఆనకట్టలు, కాలువలు, రైలు కట్టలు ఎక్కడ కట్టినా అక్కడ గుంపు మేస్త్రీ ముందు, మా జిల్లా వారు వెనుక. బయానా తీసికొని దసరా, దీపావళి దాటగానే పోతే తిరిగి వానలకు వచ్చేవారు. మగవారే గాదు, ఆలుమగలు ఇద్దరూ పోయేవారు. ఇంట మిగిలేది ముసలివారు, పసివారు. ఈ కూడికలో మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇక్కడ ఉన్నది. ఒక తరమంతయు ఊరిలో లేని దినములలో మా సంఘములో ఆదివారము గంట కొట్టింది ఎవరు? బిడ్డలకు కర్తప్రార్థన నేర్పింది ఎవరు? వలస పోయిన తల్లిదండ్రులకు, ఊరిలోని గుడికి మధ్య తెగిపోకుండ దారము పట్టుకొన్నది ఎవరు? అవ్వలే. పాలమూరు పల్లెలలో విశ్వాసము తండ్రి నుండి కొడుకుకు రాలేదు. అవ్వ నుండి మనుమలకు వచ్చింది. నడుమ ఒక మెట్టు ఎప్పుడూ పనిమీద బయట ఉండేది.

రూతు గ్రంథము చివర నయోమి ఓబేదును రొమ్మున పెట్టుకొని పెంచిన సంగతి చదివినప్పుడెల్ల మాకు మా ఇంటి అరుగే కనబడును.

ప్రతి రాత్రి గట్క తిన్న తరువాత ప్రార్థన. అవ్వకు చదువు రాదు, లెక్కలు రావు. ఒక సత్తు మూతలో చింతగింజలు పెట్టుకొనేది. ఊరిలో లేని ఒక్కొక్కరికి ఒక్కొక్క గింజ. పేరు పలికి, ఆ మనిషి ఏ పనిమీద ఏ ఊరిలో ఉన్నాడో దేవునికి చెప్పి, గింజను ఇవతలి ప్రక్కకు జరిపేది. "అయ్యా, పెద్దోడు సాగరు కాడ ఉన్నడు, వానికి దమ్ము తెలుసు గద నీకు" అన్నట్లుండేది ఆమె ప్రార్థన. మనిషి ఇంటికి వస్తే ఆ గింజ తీసి పొయ్యి గూటిలో పెట్టేది. మూత ఖాళీ అయిన రాత్రి క్రిస్మసు మాదిరి ఉండేది.

ఆమె రెండవ కొడుకు కాలువ పని చోట మట్టికట్ట విరిగి పడి చనిపోయినాడు. చూపు దక్కలేదు. ఆయన పక్కబట్టలు, ఒక సంచి మాత్రము ఇంటికి వచ్చినవి. ఆయన గింజను మూతలోనుండి తీయుమని మా పెద్దమ్మ అన్నది. అవ్వ తీయలేదు. కొన్ని దినములైన తరువాత సంఘ పెద్ద ఒకాయన వచ్చి, "చనిపోయినవారి కొరకు మనము విజ్ఞాపన చేయము గదమ్మా" అని మెల్లగా చెప్పినాడు. అందుకామె, "వాని కోసము అడుగుడు అయిపోయింది అయ్యా. వాన్ని ఇచ్చినందుకు వందనము చెప్పుడు అయిపోలే" అన్నది. ఆ పెద్ద మారు మాటలాడలేదు. ఆమె జీవించినంత కాలము ఆ గింజ ఆ మూతలోనే ఉండినది.

ఆమె చదువు నేర్చుకొన్న తీరు వింటే మీకు సంతోషము కలుగును. అప్పటికి ఆమెకు ఏబదియేండ్ల దగ్గర. సంఘ ఉపాధ్యాయుని భార్య రాత్రిపూట కందిలి పెట్టి స్త్రీలకు అక్షరములు చెప్పేవారు. అ, ఆలు అవ్వకు ఎక్కలేదు. "చీమలు పాకినట్లున్నయి" అని లేచిపోయేది. అప్పుడు ఆ అమ్మగారు ఒక ఉపాయము చేసినారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి, అవ్వకు నోటికి వచ్చిన పాటను ఆమె ముందు పెట్టి, పాడుచు వ్రేలు జరుపుమన్నారు. పురుషోత్తమ చౌదరిగారు మొదలైన భక్తుల పాటలు ఆమెకు ఎన్నో కంఠస్థము. పాట ఎక్కడ ఆగునో వ్రేలు అక్కడ ఆగింది. ఒకే మాట రెండు చోట్ల వచ్చినప్పుడు ఒకే ఆకారము రెండు చోట్ల కనబడింది. అట్లు పాట నుండి మాటకు, మాట నుండి అక్షరమునకు దిగింది. చదువు మొదలు పెట్టినవారు అక్షరము నుండి పాటకు పోవుదురు. మా అవ్వ తిరుగుబాటలో వచ్చి చేరుకొన్నది. రెండేండ్లకు మార్కు సువార్త కూడబలుక్కొని చదివింది. సువార్తలన్నిటిలో అది చిన్నదని ఎవరో చెప్పినారట.

మా గుడి మొదట మట్టి గోడలు, బోద కప్పు. ప్రతి శనివారము పేడ తెచ్చి, ఎర్రమట్టి కలిపి, నేల అలికేది అవ్వ. కూలికి పోయి వచ్చిన తరువాతనే ఆ పని. ముప్పై ఏండ్లు అట్లు చేసింది. తరువాత సంఘస్థులు చందాలు వేసికొని సిమెంటు నేల పోయించినారు. అందరు సంతోషించిరి. అవ్వ మాత్రము శనివారము సాయంత్రము గుడి వాకిట నిలువబడి, "ఇగ నేనేం చెయ్యాలె అయ్యగారూ?" అని అడిగింది. అయ్యగారు నవ్వి, "పాట ఎత్తవమ్మా" అన్నారు. నాటినుండి ఆదివారము మొదటి పాట ఎత్తుట ఆమె పని అయినది. స్వరము గొప్పది కాదు. ఎత్తినది దించేది కాదు.

ఇక కాన్పుల సంగతి. అప్పుడు మన్ననూరులో కాన్పు కష్టమైతే అచ్చంపేటకు పోవలె, లేదా దేవుని మీద భారము వేయవలె. అవ్వ తన అత్తవద్ద మంత్రసాని పని నేర్చుకొన్నది. ఊరిలో అన్ని కులాల ఇండ్లకు పిలిచేవారు. కొన్ని ఇండ్లలో వాకిలి దాటనిచ్చేది ఆ ఒక్క రాత్రికే. బిడ్డ పుట్టి స్నానము చేయించిన తరువాత మరల వాకిలి బయట. ఆమె ఆ సంగతిని పాటగా చేసుకోలేదు. "నా చేతుల పుట్టినోడు పెద్దగైతడు గద, వాడు జూసుకుంటడు" అనేది. కొందరు చూసుకొన్నారు కూడ. ఆమె మట్టికి ఆ ఇండ్ల నుండి వచ్చి పాడె పట్టినవారు ఉన్నారు.

చెంచు పెంటలనుండి రాత్రివేళ పిలుపు వస్తే కందిలి పట్టుకొని పోయేది. దారిలో ఎలుగుబంట్ల భయము. అలికిడి చేయకుండ పోయి ఎలుగుకు ఎదురుపడితేనే ప్రమాదమని అడవి తెలిసినవారు చెప్పుదురు. అందుచేత అవ్వ దారి పొడుగున బిగ్గరగా కీర్తనలు పాడుచు పోయేది. వెంట పోయిన మాలో ఒకరు, "దేవుని మీద నమ్మకముతోనా, ఎలుగు భయముతోనా అవ్వా, ఈ పాట?" అని అడిగితే, "పాట దేవునికి, సప్పుడు ఎలుగుకు" అన్నది. విశ్వాసమునకును బుద్ధికిని కొట్లాట లేదని మేము అక్కడ నేర్చుకొన్నాము.

మన తెలుగు సంఘములలో పిడికెడు బియ్యము కానుక మీకందరికి తెలుసు. అన్నము వండే ముందు ఒక పిడికెడు ప్రభువు పేరున వేరే కుండలో వేసి, నెల తిరిగితే గుడికి తెచ్చుట. మా ఇంట బియ్యము పండుగకే. అందుచేత అవ్వ జొన్నలు వేసేది. 1972 కరువు వచ్చింది. బావులు ఎండినవి. ఊరు సగము ఖాళీ అయినది. మాకు ఒక పూట అంబలి. అయినను కుండలో పిడికెడు పడుచునే ఉండినది. మా పెద్దనాన్న కోపించి, "పిల్లలు ఆకలికుంటే కుండల పోస్తవా?" అని అడిగినాడు. ఆమె బదులు చెప్పలేదు. నెల చివర ఆ కుండను గుడికి తేలేదు. నాలుగిండ్ల అవతల భర్త వలస పోయి కబురు లేక, ముగ్గురు పిల్లలతో మిగిలిన ఒక ఆమె ఉండేది. ఆమె మన సంఘస్థురాలు కాదు. కుండ ఆ ఇంటికి పోయినది. ఆ నెల కానుక లెక్కలో మా ఇంటి పేరు ఎదుట సున్న పడినది.

పెద్దలు అడుగక పోలేదు. అవ్వ నిలువబడి, "నేను ప్రభువుకే ఇచ్చిన. ఆయన ఆ ఇంట్ల ఉన్నడని తెలిసి ఆడికి తీస్కపోయిన. గుడిల వెదికితె దొరకకపాయె" అన్నది. అయ్యగారు ఆ వచ్చే ఆదివారము ప్రకటనలలో, కరువు తీరేవరకు పిడికెడు కానుక ఆకలిగొన్న ఇండ్లకు నేరుగా ఇయ్యవచ్చునని చెప్పినారు. ఒక ముసలామె సున్న మా సంఘమునకు ఒక నియమమైనది.

మా ఊరి గుండా శివరాత్రికి శ్రీశైలము నడిచిపోయేవారు గుంపులుగా పోవుదురు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరము జాతర. ఆ ఎండలో అవ్వ చింతచెట్టు క్రింద రెండు కడవలు పెట్టి నీళ్లు పోసేది. "శివుని కాడికి పోయేటోండ్లకు నువ్వు నీళ్లు పోసుడేంది?" అని మన వారిలోనే ఒకరు అడిగినారు. "సమరయ స్త్రీని ప్రభువు నీళ్లడిగె గద. కులము జెప్పి అడిగిండా?" అన్నది. ఆమె చదివిన సువార్త ఆ ఒక్క మార్కే గాదని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు మేము మొదట చెప్పిన సంగతికి వచ్చెదము.

కాలువ పనిలో చనిపోయిన ఆ కొడుకుకు ఒక కుమారుడు. మాలో పదవ తరగతి మొదట పాసైనవాడు అతడే. పై చదువుకు కాగితములు వ్రాయవలసి వచ్చినప్పుడు, మేలు కోరిన ఒక సారు అవ్వను పిలిచి, మతము గడిలో హిందువు అని వ్రాయించితే షెడ్యూల్డు కులముల వారికి వచ్చే స్కాలర్‌షిప్, హాస్టలు, రేపు ఉద్యోగములో వాటా అన్నియు వచ్చునని, క్రైస్తవుడని వ్రాయించితే అవి రావని చెప్పినారు. ఆయన చెప్పింది నిజము. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులముల వారిగా ఎంచుదురు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో 1970లో వెనుకబడిన తరగతులలో 'సి' అని ఒక గుంపు చేసి, ఒక్క శాతము కేటాయించినారు.

అవ్వ ఆ సారుకు చెప్పిన మాట మా ఇంట అందరికి నోటికి వచ్చును. "మా గుడిసె యాడున్నదో, మా బిందె యాడ పెట్టనిస్తరో ఊరందరికి తెలుసు సారూ. గుడికి పోయినంక మా కులము మాయమైందని ఢిల్లీల రాసిరంట. ఊర్ల అయితే మాకేం మాయం గాలె. నువ్వు నిజమే రాయి."

సారు నిజమే వ్రాసినారు. స్కాలర్‌షిప్ రాలేదు. అవ్వ తన కాళ్ల కడియములు తీసి అమ్మింది. పెండ్లినాటి వెండి అది. కాలికి ఆ కడియముల మచ్చ చివరివరకు తెల్లగా ఉండినది. ఆ డబ్బుతో అచ్చంపేటలో ఇంటర్మీడియెట్ రెండేండ్లు గడిచినవి. ఆ తరువాత గడువలేదు. అతడు లారీ మీద క్లీనరుగా పోయి, డ్రైవరు అయినాడు.

అతడు ఈ దినమున మా మధ్యనే కూర్చుండియున్నాడు. అతని అనుమతితో చెప్పుచున్నాము. అతడు అనేది ఇది: "అవ్వ తన ప్రాణము ఇచ్చుకొనుటకు ఆమెకు హక్కున్నది. నా చదువు ఇచ్చుటకు ఆమెకు హక్కున్నదా?" మాలో కొందరము అతనితో ఏకీభవింతుము. మరి కొందరము, ఆ దినమున ఆమె వేరే వ్రాయించి ఉంటే ఈ దినమున మనము ఏ ముఖముతో ఆమె విశ్వాసమును గూర్చి చెప్పుకొందుమని అందుము. ఇన్నేండ్లైనను మాకు తెగలేదు. తెంచవలెనని కూడ మేము ఇక్కడికి రాలేదు. అయితే రెండు సంగతులు మాత్రము అందరము ఒప్పుకొందుము. మొదటిది, ఆమె మనుమని చేత మాత్రమే ఖర్చు పెట్టించలేదు, మొదట తన కడియములు తీసింది. రెండవది, మా ఊరిలో అవసరము కొలది వేరే వ్రాయించుకొన్నవారిని ఆమె ఎన్నడును ఒక్క మాట అనలేదు. గుడిలో వారి ప్రక్కనే కూర్చునేది. "ఎవని ఆకలి వానికి తెలుసు. తీర్పుకు దేవుడున్నడు, నేనెందుకు?" అనేది. భారము ఆమె మీద గాని, అతని మీద గాని వేసినది దేవుడు కాదు, ఒక కాగితపు గడి. 2007లో రంగనాథ మిశ్రా కమిషను ఈ మతభేదము తీసివేయవలెనని సిఫారసు చేసింది. 2022లో ఈ సంగతి విచారించుటకు జస్టిస్ బాలకృష్ణన్ గారి ఆధ్వర్యములో మరియొక కమిషను వేసినారు. ఒక ముసలామె కడియములు, ఒక పిల్లవాని చదువు ఈ లెక్కలో ఉన్నవని మన సంఘము మరువరాదు.

అదే మనుమడు డ్రైవరుగా ఉన్న కాలములో ఎక్కడ లారీ ఆపినను అవ్వకు కబురు పంపేవాడు. సత్తు మూతలో అతని గింజ అన్నిటికంటె నున్నగా అరిగిపోయి ఉండినది. అతని కుమార్తె ఇప్పుడు నర్సు. ముత్తవ్వ చేతి పనియే మరియొక విధముగా ఆమెకు వచ్చినదని మేము అనుకొందుము.

అవ్వ చివరి దినములలో మా ఊరు మారిపోయింది. 1978లో అడవిని అభయారణ్యము చేసినారు. 1983లో పెద్దపులుల రక్షణ క్రిందికి తెచ్చినారు. రాష్ట్రము విడిపోయిన తరువాత ఇవతలి భాగమునకు అమ్రాబాదు పులుల అభయారణ్యము అని పేరు పెట్టినారు. 2016లో మా మహబూబునగరు జిల్లా విడిపోయి మేము నాగర్‌కర్నూలు జిల్లావారమైతిమి. 2019లో యురేనియము త్రవ్వుదురన్న వార్త వచ్చి కొండమీది ఊర్లన్ని కదిలినవి. వద్దని శాసనసభ ఆ సెప్టెంబరులో తీర్మానించింది. వీటిలో కడపటి సంగతులు చూచుటకు ఆమె లేదు. ఒక తునికాకు కాలములో, పని తెమిలిన సాయంత్రము, అరుగు మీద ఒరిగి నిద్రపోయినట్లు పోయింది. ఆమె పెట్టెలో రెండు చీరలు, కీర్తనల పుస్తకము, ఆ సత్తు మూత దొరికినవి. అప్పు కాగితము ఒక్కటియు దొరకలేదు.

ప్రియులారా, ఆమె పరిశుద్ధురాలని మేము చెప్పుటలేదు. కోపము ఎక్కువ. కోడండ్రతో మాటలు లేని దినములు ఉండినవి. పిల్లలు గుడికి ఆలస్యమైతే చింతబరికె వెదికేది. అయినను ఆమె నేర్పినది మాకు ఒంటబట్టింది. ఎందుకనగా ఆమె చెప్పినదానికంటె చేసినదే ఎక్కువ.

ఆమె పేరు మేము ఈ వేదిక మీద చెప్పలేదని మీరు గమనించి ఉందురు. కావాలనే చెప్పలేదు. మీరు ఈ మాటలు వినునప్పుడు మా అవ్వ పేరున్న చోట మీ అవ్వ పేరు పెట్టుకొనవలెనని మా కోరిక. ఆమె పేరు మా ఊరి సంఘపు పుస్తకములో ఇప్పుడు వ్రాయించినాము. మొదట అక్కడ కూడ లేదు. కుటుంబ యజమాని గడిలో తాత పేరు, తరువాత పెద్ద కొడుకు పేరు ఉండినవి. ముప్పై ఏండ్లు గుడి అలికినామె 'ఫలానివాని భార్య' అని, తరువాత 'ఫలానివాని తల్లి' అని ఉండినది.

అందుచేత పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ శతవార్షికోత్సవము జ్ఞాపకార్థము ప్రతి పల్లె సంఘమును ఒక చిన్న పుస్తకము పెట్టవలెను. అందులో ఆ ఊరి అవ్వల పేర్లు, వారి పుట్టినిల్లు, వారు చేసిన పని, వారికి నోటికి వచ్చిన పాటలు వ్రాయవలెను. బ్రతికియున్నవారివి ముందు వ్రాయండి. పాట ఎట్లు ఎత్తుదురో వారి నోటనే పాడించి పట్టి ఉంచండి. ఇప్పుడు పిల్లల చేతిలో ఫోనులు ఉన్నవి, అది కష్టము కాదు. యౌవనస్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క అవ్వ వద్దకు పోయి ఒక సాయంకాలము కూర్చుంటే చాలును. ఆలస్యము చేయవద్దు. ఒక్కొక్క అవ్వ పోయినప్పుడెల్ల మన కీర్తనల పుస్తకములో లేని రాగము ఒకటి మట్టిలో కలియుచున్నది.

మా సంఘములో ఈ పని మొదలైనది. ఇప్పటికి పదునాలుగు పేర్లు వ్రాసినాము. మీ సంఘముల వారు కూడ వ్రాసి, ముందు జరుగు కూడికకు తెచ్చి చదివి వినిపించవలెనని కోరుచున్నాము.

 లోయికి ఇచ్చిన విశ్వాసమును మా కొండ మీది గుడిసెలకు కూడ దయచేసిన దేవునికి మహిమ కలుగునుగాక. ఆమేన్.